టవర్ అందని ఊళ్లలో సెల్‌ఫోన్ రేడియేషన్‌ను తగ్గించుకోవడం ఎలా?

రాయగడ, గుణుపురం వైపు కొండ పల్లెల్లో సెల్‌ఫోన్ రేడియేషన్ అనగానే అందరి చూపూ ఊరి చివరి టవర్ మీదికే పోతుంది. ఫోన్‌లో మాట్లాడే మనిషి శరీర కణాలకు చేరే రేడియో తరంగాల్లో ఎక్కువ భాగం మాత్రం ఆ టవర్ నుంచి కాక, చెవికి ఆనించుకున్న ఫోన్ నుంచే వస్తుంది.

ముందుగా ఎంతవరకు భయపడాలో తేల్చుకోవాలి. కణంలోని డీఎన్ఏ బంధాలను తెంచాలంటే కొన్ని ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి కావాలి. ఎక్స్‌రేకు అది పుష్కలంగా ఉంటుంది. సెల్‌ఫోన్ తరంగంలోని ఒక్కో ఫోటాన్‌కు, అంటే తరంగ శక్తిని మోసే అతి చిన్న కణానికి, ఉండేది ఒక ఎలక్ట్రాన్ వోల్టులో సుమారు లక్షో వంతు మాత్రమే కనుక, అది ఆ బంధాలను నేరుగా తెంచలేదు. గట్టిగా నిర్ధారణ అయిన ప్రభావం కణజాలం కొద్దిగా వేడెక్కడమే. అయినా 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు’ అనే 2బి వర్గంలో చేర్చింది. 2018లో ఫలితాలు వెలువడిన అమెరికా ప్రభుత్వ ప్రయోగంలో, రోజుకు సుమారు తొమ్మిది గంటల చొప్పున ఒళ్లంతా తీవ్రమైన తరంగాలకు గురైన మగ ఎలుకల గుండెల్లో కణుతులు కనిపించాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా జరిగిన 2024 నాటి సమీక్షలో మాత్రం మనుషుల మెదడు క్యాన్సర్‌కూ సెల్‌ఫోన్‌కూ సంబంధం కనిపించలేదు. ఇవన్నీ కలిపి చూస్తే, ఫోన్ మానేయవలసిన పని లేదు కానీ ఖర్చు లేని జాగ్రత్తలను వదులుకోవడం తగదని నా అభిప్రాయం.

తర్వాత మీ ఫోన్‌లో *#07# నొక్కి చూడండి. చాలా ఫోన్లలో ఎస్‌ఏఆర్ విలువ, అంటే శరీరం గ్రహించే తరంగ శక్తి కొలత, తెర మీద కనిపిస్తుంది. మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి దీని పరిమితి, ఒక గ్రాము కణజాలంపై సగటున, కిలోకు 1.6 వాట్లు.

మన ప్రాంతం వారు అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసింది సిగ్నల్ మీద. టవర్ దగ్గరగా ఉంటే ఫోన్ కొద్దిపాటి శక్తితోనే పని కానిస్తుంది. దూరమైనా, కొండ అడ్డువచ్చినా, గెడ్డ అవతలి మనిషిని కేకేసి పిలిచినట్లు శక్తినంతా పెంచుకుని పంపుతుంది. పార్వతీపురం దాటి రాయగడ వైపు రైలు కొండల్లోకి వెళ్లాక మాట మాటకూ ‘టవర్ లేదు’ అంటూ ఫోన్‌ను చెవికి మరింత గట్టిగా అదుముకుంటాం కదా, సరిగ్గా అప్పుడే ఆపి, సిగ్నల్ వచ్చాక మాట్లాడాలి. ఇంట్లోనైతే మూల గది విడిచి వీధి అరుగు మీదికో డాబా మీదికో రండి. అదీ కుదరకపోతే స్పీకర్ పెట్టండి, లేదా ఇయర్‌ఫోన్ వాడండి, ఎందుకంటే దూరం రెట్టింపైతే తరంగాల తీవ్రత సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. అవతలివారు ఎత్తాకే ఫోన్‌ను చెవి దగ్గరికి తెచ్చుకోండి.

రాత్రి దిండు కింద కాక, చేయి చాచినంత దూరంలో ఉంచండి. గుండెకు పేస్‌మేకర్ అమర్చిన పెద్దలు చొక్కా జేబులో పెట్టుకోకుండా కనీసం 15 సెంటీమీటర్ల దూరం పాటించాలి.

రేడియేషన్‌ను ఆపుతాయంటూ అమ్మే స్టిక్కర్లను మాత్రం కొనకండి. అవి యాంటెన్నాకు అడ్డుపడితే సిగ్నల్ తగ్గి, దాన్ని అందుకోవడానికి ఫోన్ మరింత శక్తితో తరంగాలను పంపుతుంది.