ఎక్స్‌ప్రెసివ్ ఆర్ట్స్ థెరపీ బోధన – 5వ పాఠం: బొమ్మకు అర్థం చెప్పకుండా ఉండటం

బొమ్మ, కదలిక, సంగీతం, నాటకం, రాత వంటి కళలను కలిపి వాడే చికిత్సే ఎక్స్‌ప్రెసివ్ ఆర్ట్స్ థెరపీ; దాన్ని కళాశాలల్లో బోధించే అధ్యాపకుల కోసం ఈ పాఠాలు రాస్తున్నాను. గీసిన బొమ్మ నుంచి కదలికకు, కదలిక నుంచి రాతకు విద్యార్థులను ఎలా నడిపించాలో ఈ పాఠంలో చెప్తానని కిందటిసారి రాశాను. ఆ మాట సగమే నిలబెట్టుకోగలను. నాలుగో పాఠంలోని పిచ్చిగీతల అభ్యాసాన్ని తమ తరగతుల్లో చేయించిన అధ్యాపకులు రాసి పంపిన అనుభవాలు చదివాక, కాలు జారిన చోటును చూసుకోకుండా ముందుకు పోవడం మంచిది కాదని నిర్ణయించుకున్నాను.

అభ్యాసం ఇది: ఏ3 కాగితం మీద, అలవాటు లేని చేత్తో, కళ్లు మూసుకుని రెండు నిమిషాలు గీతలు గీయడం, తరువాత కాగితాన్ని నాలుగు వైపులా తిప్పి చూసి, ఆ గీతల్లో కనబడిన ఆకారాన్ని రంగులతో పైకి తేవడం, చివర పక్కవారితో అయిదు నిమిషాలు మాట్లాడటం. ఇది నా సొంతం కాదు. అమెరికాలో పిల్లలకు, పెద్దలకు చిత్రకళ నేర్పిన ఫ్లోరెన్స్ కేన్ పద్ధతికి దగ్గరిది. ఆమె చెల్లెలు మార్గరెట్ నామ్‌బర్గ్ అలాంటి గీతలను చికిత్సలోకి తీసుకువెళ్లింది.

మొదటి రెండు మెట్ల దగ్గర ఎవరికీ ఇబ్బంది రాలేదు. అందరూ జారింది చివరి అయిదు నిమిషాల్లోనే. ఒక నర్సింగ్ తరగతిలో ఒక అమ్మాయి తన జోడీ బొమ్మలో ఎర్రరంగు ఎక్కువగా ఉండటం చూసి "నువ్వు కోపం అణచుకుంటున్నావు" అందట. ఆ జోడీ మిగిలిన గంటంతా నోరు విప్పలేదట. ఇంజనీరింగ్ విద్యార్థులు బొమ్మను పక్కన పెట్టి, గీసినవాడి సమస్యకు మూడు పరిష్కారాలు వరుసగా చెప్పారు. న్యాయశాస్త్రం వారు సాక్షిని బోనులో నిలబెట్టినట్టు ప్రశ్న మీద ప్రశ్న వేశారు. సాహిత్య విద్యార్థులు ప్రతి గీతలోనూ ప్రతీకను పట్టుకున్నారు. లలితకళల విభాగంలో కూర్పు కుదరలేదని, రంగులు మురికిపట్టాయని ఒకరి బొమ్మను ఒకరు దిద్దుకున్నారు. పైగా అక్కడి అధ్యాపకులు ఆ బొమ్మలకు పదికి ఇన్నని మార్కులు కూడా వేశారు. మార్కుల సంగతి ఒక్క ముక్కలో తేలుస్తాను: బొమ్మకు వేయకండి. క్రెడిట్లున్న కోర్సు కనుక మార్కులు తప్పవంటే, తేదీలతో రాసిన అభ్యాస పుస్తకానికి వేయండి, అందులోని వర్ణన ఎంత నికరంగా ఉందో చూసి వేయండి.

వీరిలో ఎవరినీ తప్పుపట్టలేను. లక్షణం కనబడగానే కారణం వెతకమని నర్సింగ్ అమ్మాయికి మూడేళ్లుగా నేర్పింది మనమే, వార్డులో ఆ అలవాటు ప్రాణం నిలబెడుతుంది కూడా. ఇంజనీరు పరిష్కారం చెప్పకపోతే ఎవరూ ఊరుకోరు. 2020 జాతీయ విద్యావిధానం తరువాత వేర్వేరు విభాగాల విద్యార్థులు ఒకే ఐచ్ఛికాంశంలో కలిసి కూర్చోవడం పెరిగింది కనుక, ఏ విభాగం వారి చేయి ముందుగా ఎటు వెళ్తుందో తెలుసుకోవడమే ఈ బోధనలో మొదటి నైపుణ్యమని నేననుకుంటాను. చికిత్సా సిద్ధాంతాలు ఆ తరువాత.

ఇక నాకు చిరాకు కలిగించే ఉచ్చు దగ్గరకు వస్తాను. నల్లరంగంటే దిగులు, వేళ్లు లేని చెట్టంటే అభద్రత, మూసిన తలుపంటే రహస్యం: ఈ జాబితా ఎక్కడి నుంచో వచ్చి ప్రతి కార్యశాలలోనూ చేతులు మారుతూ ఉంటుంది. దాన్ని పంచుకునేవారిలో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

చాలా ఏళ్ల కిందట నేను నడిపిన ఒక మిశ్రమ తరగతిలో వ్యవసాయ కోర్సు విద్యార్థి ఒకడు కాగితం మొత్తాన్ని నల్ల ఆయిల్ పాస్టెల్‌తో నింపాడు. ముక్క అరిగి గోరంత మిగిలింది, చొక్కా చేతి అంచు కూడా నల్లబడింది, అయినా అతను రుద్దుతూనే ఉన్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "ఈమధ్య ఇంట్లో ఏమైనా ఇబ్బందిగా ఉందా?" అని అడిగాను. అతను అయోమయంగా చూశాడు. "లేదు మేడమ్, ఇది మా చేను. వాన పడిన మర్నాడు నల్లరేగడి ఇలాగే ఉంటుంది. పత్తి గింజలు పెట్టడానికి పదును చూస్తున్నాం" అన్నాడు. కుడి పక్క అంచున సన్నటి ఆకుపచ్చ గీత ఒకటి ఉంది, అది గట్టు. దాన్ని నేను చూడనే లేదు. నేను చదివింది అతని కాగితాన్ని కాదు, నా పాఠ్యపుస్తకాన్ని. ఆ సెమిస్టరులో మిగిలిన తరగతులన్నిటిలోనూ అతను నల్లరంగు ముట్టలేదు. నష్టమంటే అదీ.

ఇది నా ఒక్కదాని పొరపాటని అనుకోకండి. మనిషి బొమ్మ గీయించి స్వభావాన్ని చెప్పే పరీక్ష ఒకటి 1940ల చివర నుంచి ప్రచారంలో ఉంది. అనుమానించే స్వభావం గలవారు కళ్లను ప్రత్యేకంగా గీస్తారని దాన్ని వాడే నిపుణులు అనుభవం మీద చెప్పేవారు. 1967లో లోరెన్ చాప్‌మన్, జీన్ చాప్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు, బొమ్మకూ లక్షణానికీ ఏ సంబంధమూ లేకుండా జతచేసిన చిత్రాలను మామూలు డిగ్రీ విద్యార్థులకు చూపించారు. అనుమానానికీ కళ్లకూ సంబంధం ఉందని ఆ విద్యార్థులు కూడా తేల్చారు. ఏ శిక్షణా లేనివారు, ఏళ్ల అనుభవం ఉన్నవారు, లేని సంబంధాన్నే ఒకే తీరుగా చూశారన్నమాట. "నా అనుభవంలో ఎర్రరంగు ఎప్పుడూ కోపమే" అని ఎవరైనా మీ సిబ్బంది గదిలో అంటే ఈ ప్రయోగాన్ని చెప్పండి. మనోవిజ్ఞాన విభాగం వారు సాధారణంగా అక్కడితో వాదన ఆపుతారు. సాహిత్యం వారు ఆపరు.

మరి అర్థం చెప్పకుండా అయిదు నిమిషాలు ఏం మాట్లాడాలి? కాగితం మీద ఏముందో మాట్లాడాలి. "నల్లరంగు నాలుగు అంచులనూ తాకింది." "కుడి అంచున ఒక్క చోట ఆగింది." "ఇక్కడ పాస్టెల్ గట్టిగా ఒత్తారు, కాగితం మెరుస్తోంది." "ఈ గీత మొదలైన చోటికి తిరిగి రాలేదు." "రెండు వంకర్లు కలవబోయి, వేలెడు దూరంలో ఆగాయి." తరువాత, గీస్తుండగా ఏం జరిగిందో గీసినవారినే చెప్పనివ్వాలి: ఎక్కడ తొందరపడ్డారు, ఎక్కడ ఆగారు, ఏది తాము అనుకోకుండా వచ్చింది. కదలిక విషయంలోనూ ఇంతే. "నువ్వు బిగుసుకుపోయావు" అనడానికి బదులు "మోచేతులు పక్కటెముకలను వదల్లేదు" అనాలి. ఈ రంగానికి పునాదులు వేసినవారిలో ఒకరైన స్విట్జర్లాండ్ వాసి పావోలో క్నిల్ ఉపరితలం మీదే ఉండమని బోధించేవారు. లోతుకు పోవాలన్న మన ఆత్రానికి అది వింతగా వినబడుతుంది. కానీ నల్లరేగడి ఉపరితలం మీదే ఉంది, గట్టు కూడా అక్కడే ఉంది.

కుర్చీలను వృత్తంగా వేయడం, ఫోన్లు సంచుల్లో పెట్టించడం, సమయం ముందే చెప్పడం వంటివి మీకు తెలిసినవే కనుక రాయను. సామగ్రి మీద మాత్రం నా పట్టింపు వినండి. స్కెచ్ పెన్నులు ఇవ్వకండి; వాటితో గీత ఎంత ఒత్తినా ఒకేలా పడుతుంది, చేతి బరువు కాగితం మీద కనబడదు. ఆయిల్ పాస్టెల్స్ కొని, చుట్టూ ఉన్న కాగితం ఒలిచేసి, రెండేసి ముక్కలు చేసి ఇవ్వండి. కొత్త పెట్టె చూడగానే లలితకళల వారికి తప్ప అందరికీ చేయి వణుకుతుంది, విరిగిన ముక్కకు ఎవరూ భయపడరు. ముందే అచ్చువేసిన మండలాలకు, అంటే గుండ్రటి ముగ్గుల్లాంటి నమూనాలకు, రంగులద్దించడం హాయిగానే ఉంటుంది, కానీ అది ఈ కోర్సు కాదు.

ఇప్పుడు మాట ఇచ్చిన సగం. 1974 ప్రాంతంలో మసాచుసెట్స్‌లోని లెస్లీ కళాశాలలో షాన్ మెక్‌నిఫ్ ఎక్స్‌ప్రెసివ్ ఆర్ట్స్ థెరపీ శిక్షణను మొదలుపెట్టినప్పుడు, చిత్రం, సంగీతం, నృత్యం, నాటకం దేని చికిత్సకు దాని గది కాకుండా అన్నిటినీ ఒకే గదిలోకి తేవడమే అందులోని కొత్తదనం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్ కూతురు నటాలీ రోజర్స్ కూడా ఒక కళ మరొక కళను తెరుస్తుందనే నమ్మకం మీదే తన పద్ధతిని కట్టుకుంది. తెలంగాణలో పెరిగిన విద్యార్థులకు దీన్ని వివరించడానికి నాకు ఎక్కువ మాటలు పట్టవు. తంగేడు, గునుగు పూలను వరుసలు వరుసలుగా పేర్చిన చేతులే చప్పట్లు కొట్టడం, ఆ చప్పట్లకు అడుగు, అడుగుకు పాట కలవడం వారు బతుకమ్మ దగ్గర చూసే ఉంటారు. బతుకమ్మ చికిత్స అని నేననడం లేదు. పండుగను చికిత్స అనడం రెంటికీ అన్యాయం.

తరగతిలో క్రమం ఇలా ఉంటుంది. బొమ్మను పైన చెప్పినట్టు వర్ణించాక, ఆ వర్ణనలోంచి ఒక్క క్రియను ఎంచుకోమనండి: "ఆగింది", "తాకింది", "కలవబోయింది." నామవాచకం వద్దు, విశేషణం అసలే వద్దు; "నలుపు"ను ఒంటితో చేయమంటే నాటకం వస్తుంది, "ఆగడం" చేయమంటే కదలిక వస్తుంది. ఆ క్రియను కూర్చున్న చోటే, చేతులతో మాత్రమే, మూడుసార్లు చేయించండి. లేచి నిలబడమంటే ఇంజనీరింగ్ అబ్బాయిలు నవ్వులోకి తప్పించుకుంటారు, నృత్య విద్యార్థులు నేర్చిన ముద్రలోకి తప్పించుకుంటారు. మూడోసారి తరువాత వెంటనే ఆరు పంక్తులు రాయించండి, మొదటి పంక్తి ఆ క్రియతోనే మొదలవ్వాలి. జోడీ తిరిగి మాటతో స్పందించకూడదు; తన కాగితం మీద ఒక చిన్న గీతతో గానీ, బల్ల మీద వేళ్లతో వేసిన దరువుతో గానీ స్పందించాలి. అర్థం చెప్పే నోటికి వేరే పని పెట్టడమే ఇందులోని కిటుకు.

రాత విషయంలో ఒక జాగ్రత్త. బాధాకరమైన అనుభవం గురించి కళాశాల విద్యార్థుల చేత రోజుకు పదిహేను నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాయించిన మనస్తత్వ పరిశోధకులు జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్‌ల 1986 ప్రయోగం తరువాతి నెలల్లో వైద్యుని దగ్గరకు వెళ్లడం తగ్గిందనే ఫలితంతో పేరు పొందింది. కానీ రాసిన వెంటనే ఆ విద్యార్థుల మనసు కుంగింది, రక్తపోటు పెరిగింది. అందుకని రాతను గంట చివరి పది నిమిషాల్లో పెట్టకండి, అంశంగా బాధను ఇవ్వకండి. ఒక సెమిస్టరు కోర్సుతో మీరూ విద్యార్థులూ చికిత్సకులు కారు. ఎవరైనా తట్టుకోలేకపోతే మీ ప్రాంగణంలోని సలహాదారు దగ్గరకు వెంట వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలి మానస్ నంబరు 14416ను మొదటి రోజే బోర్డు మీద రాసి ఉంచండి.

వైద్య విభాగం వారు ఆధారాలు అడుగుతారు. 2016లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 39 మంది పెద్దవారి చేత 45 నిమిషాలు బొమ్మలు వేయిస్తే, సుమారు 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోను కార్టిసోల్ తగ్గిందని, ముందు కళానుభవం ఉండటం లేకపోవడం తేడా చూపలేదని చెప్పండి. పోల్చడానికి రెండో బృందం లేదని కూడా మీరే చెప్పండి. వారు కనిపెట్టి అడిగేదాకా ఆగితే మీ మాట చెల్లదు.

అభ్యాసం మీ విద్యార్థులకు కాదు, మీకే. పది రోజులు, రోజూ పది నిమిషాలు మీరు పిచ్చిగీతలు గీసి, ఆ బొమ్మ మీద పన్నెండు వాక్యాలు రాయండి. "అనిపించింది", "సూచిస్తోంది", "బాగుంది", "లాగా" అనే మాటలు ఎక్కడా రాకూడదు; వస్తే ఆ రోజు లెక్కలోకి రాదు, పదకొండో రోజు చేయాలి. మూడు, ఆరు, తొమ్మిది రోజుల్లో క్రియను చేతుల్లోకి, అక్కడి నుంచి ఆరు పంక్తుల్లోకి తీసుకువెళ్లండి. బొమ్మలు నాకు పంపకండి, వాక్యాలు మాత్రమే పంపండి. వాటిని చదివి నేను మీ బొమ్మను తిరిగి గీసి పంపుతాను, రెంటినీ పక్కపక్కన పెట్టి మీరే చూసుకోండి.

వచ్చే పాఠానికి రెండు కిలోల బంకమట్టి కావాలి. దుకాణంలో దొరికే రంగుల క్లే కాదు, కుమ్మరి దగ్గర తెచ్చిన మట్టి. తడిగుడ్డలో చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి కట్టి ఉంచండి.