టర్బో బండి లాగట్లేదు, డీజిల్ ఎక్కువ తాగుతోంది: ఎక్కడ చూడాలి?

సమస్య: నల్ల పొగ, ఎత్తు ఎక్కేటప్పుడు లాగకపోవడం, యాక్సిలరేటర్ తొక్కితే బుస్సుమని గాలి చప్పుడు.

ముందే టర్బో (ఎగ్జాస్ట్ వాయువుతో తిరిగి, ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపేది) మార్పించకండి. ఎక్కువసార్లు తప్పు టర్బోకూ ఇంజిన్‌కూ మధ్య, ఇంటర్‌కూలర్‌కు (నొక్కిన గాలిని చల్లబరిచే, రేడియేటర్ లాంటిది) అటూ ఇటూ ఉండే రబ్బరు హోస్‌దే. చాలా డీజిల్ బండ్లలో గాలిని కొలిచే సెన్సార్ టర్బోకు ముందే ఉంటుంది. కొలిచిన గాలి దారిలో కారిపోయినా, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) మొత్తం గాలికి సరిపడా డీజిల్ పోస్తుంది. మిగిలిన డీజిలే ఆ పొగ.

పరిష్కారం: ఇంజిన్ ఆపి, చల్లారాక హోస్ వంపులు, క్లాంపుల కింద చూడండి. బయట ఆయిల్ తడి, దానికి దుమ్ము పట్టి ఉంటే చీలిక అక్కడే. కనబడకపోతే టర్బో గాలి పీల్చే నోటికి మూత బిగించి, రెగ్యులేటర్‌తో 0.5 బార్ మించకుండా గాలి పెట్టి, సర్ఫు నీళ్లు చల్లండి. బుడగలొచ్చిన హోస్ మార్చాల్సిందే. వేడికి, ఆయిల్‌కు టేపు నిలవదు.

సమస్య: పొద్దున బాగుండి, మధ్యాహ్నం ఎండకు పెట్రోల్ టర్బో మందగించడం, నాకింగ్ (ఇంజిన్‌లో టకటక చప్పుడు).

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 42 డిగ్రీల గాలిని 0.5 బార్ బూస్ట్‌కు (బయటి గాలి కంటే అంత ఎక్కువ ఒత్తిడికి) నొక్కితే, 70 శాతం సామర్థ్యమున్న కంప్రెసర్‌లో (టర్బోలో గాలిని నొక్కే భాగంలో) దాదాపు 97 డిగ్రీలు, 55 శాతం దాంట్లో 112 అవుతుంది. ఆ వేడిని తీసేది ఇంటర్‌కూలర్. వరంగల్‌లో ఏనుమాముల పత్తి మార్కెట్ వైపు తిరిగే బండ్లకు పత్తి నూగు, కరీంనగర్ గ్రానైట్ క్వారీల దగ్గర రాతి దుమ్ము రెక్కల్లో ఇరుక్కుంటాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి మామూలు పైపు నీళ్లతో కడగండి. ప్రెషర్ గన్ వద్దు, రెక్కలు వంగిపోతాయి. ఎయిర్ ఫిల్టర్ కూడా అప్పుడే చూడండి.

సమస్య: సైరన్ లాంటి కూత, నీలి పొగ. ఇది టర్బోదే. దాని షాఫ్ట్ (మధ్యలో తిరిగే ఇరుసు) పక్కలకు కొంచెం కదలొచ్చు. ముందుకూ వెనక్కూ చేతికి తెలిసేంత కదిలితే పోయినట్టే. ఆయిల్ వచ్చే పైపు, తిరిగి దిగే పైపు శుభ్రం చేయకుండా కొత్తది బిగిస్తే అదీ పోతుంది.

టర్బో లేని కారుకు ఆన్‌లైన్‌లో అమ్మే 12 వోల్టుల "ఎలక్ట్రిక్ సూపర్‌చార్జర్" (కరెంటుతో ఇంజిన్‌లోకి గాలిని నొక్కుతుందనే) ఫ్యాన్ పెడితే? ఆ పని కాదు. 1.2 లీటర్ ఇంజిన్‌కు 4000 ఆర్‌పీఎం దగ్గర 0.5 బార్ ఇవ్వాలంటే సుమారు 3 కిలోవాట్లు, అంటే 250 ఆంపియర్లు కావాలి. చిన్న కారు ఆల్టర్నేటర్ ఇచ్చేది 100 అటూ ఇటూ. బెల్టుతో తిరిగే సూపర్‌చార్జర్ ఆ శక్తిని క్రాంక్ (ఇంజిన్ తిప్పే ప్రధాన ఇరుసు) నుంచే లాగుతుంది; టర్బో ఎక్కువ భాగం సైలెన్సర్‌లోకి పోయే వేడి నుంచి తీసుకుంటుంది, బదులుగా ఎగ్జాస్ట్‌కు కొంత అడ్డు పెడుతుంది. మైలేజీ కోసమైతే బెల్టు కిట్ కూడా పెట్టించకండి.