ట్రైపాడ్ కాలు జారినా, కెమెరా వాలినా: రిటర్న్ పెట్టే ముందు చూడాల్సినవి

“అన్నా, కొని తొమ్మిది రోజులే అయింది. మొత్తం డూప్లికేట్ మాల్.”

శ్రావణ మాసం పెళ్లిళ్ల హడావిడిలో ఒక కుర్రాడు కెమెరా నిలబెట్టే మూడు కాళ్ల స్టాండును, అదే ట్రైపాడ్‌ను నా రిపేరు కౌంటర్ మీద దాదాపు విసిరేసినంత పని చేసి అన్న మాట ఇది. తలంబ్రాలు తీస్తుంటే వెనక కాలు మెల్లగా కుంగిపోయిందట. చూసుకునేసరికి ఫ్రేములో పెళ్లికొడుకు లేడు, పందిరి పూలు మాత్రం ఉన్నాయి. కాళ్లు పూర్తిగా లాగి చూశాను. రెండు బాగానే ఉన్నాయి. మూడోదాని లాక్ నట్టు చేతి వేళ్లతోనే తిరిగిపోతోంది. ఫ్యాక్టరీలో బిగించకుండానే పెట్టెలో పెట్టేశారు. అలెన్ కీతో (ఎల్ ఆకారంలో ఉండే ఆరు పలకల కీ) అర చుట్టు తిప్పాను, పని అయిపోయింది. డబ్బులు తీసుకోలేదు, టీ ఇప్పించాడు.

అది తయారీ లోపమే, కాదనను. కానీ నిమిషంలో మీరే సరిచేసుకోగల లోపం. దాన్ని వెనక్కి పంపి కొత్తది వచ్చేసరికి ముహూర్తం దాటిపోతుంది. ఇంకో రకం లోపాలున్నాయి: ట్యూబే వంకర, లివరులో సన్నటి పగులు, కెమెరాను తిప్పే హెడ్‌లోని బంతి గుండ్రంగా లేకపోవడం. వాటిని బిగిస్తూ, నూనె వేస్తూ కూర్చుంటే రిటర్న్ గడువు మీ చేతిలోంచి జారిపోతుంది. మీది ఏ రకమో ముందు తేల్చుకోండి.

కొన్న రోజే చేయాల్సిన పరీక్ష

కాళ్లన్నీ పూర్తిగా లాగి లాకులు వేయండి. ప్రతి కాలు మీదా, ట్యూబు లోపలికి వెళ్లే చోట పెన్సిల్‌తో సన్నగా గీత గీయండి. నల్ల ట్యూబైతే తెల్ల టేపు ముక్క అంటించండి. రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు తాడుతో కట్టి మధ్యలో వేలాడదీయండి. అంటే నాలుగు కిలోలు. పెట్టె మీద ఐదు కిలోలు మోస్తుందని రాసి ఉన్న స్టాండు దీనికి కదలకూడదు. అరగంట తర్వాత గీతలు చూడండి. ఏ గీత లోపలికి పోయిందో ఆ కాలే దొంగ. మొదట, చివర ఫోనుతో వీడియో తీసి పెట్టుకోండి. గొడవ వస్తే మీ తరఫున మాట్లాడేది అదే.

“లాక్ వేసినా కాలు దిగిపోతోంది”

లివరు మడిచే రకమైతే పైన చెప్పిన కథే. లివరు పక్కన నట్టో, అలెన్ స్క్రూవో ఉంటుంది. ఒకేసారి గట్టిగా తిప్పేయకండి. కొంచెం తిప్పండి, లివరు మూసి చూడండి, మళ్లీ కొంచెం తిప్పండి. బొటనవేలితో గట్టిగా నొక్కితే మూతపడాలి, అది సరైన బిగువు. రెండు చేతులు పెట్టి మూయాల్సి వస్తోందంటే ఎక్కువైపోయింది. ప్లాస్టిక్ లివర్లు ఎక్కువగా పగిలేది ఇలాగే. కొత్త స్టాండులోనే లివరు మూల దగ్గర తెల్లటి గీత కనిపిస్తే అది గీత కాదు, పగులు. జిగురు నిలవదు. వెనక్కి పంపండి.

మెలితిప్పే లాకుల్లో గొడవంతా లోపల ఉంటుంది. కింద పేపరు పరిచి లాకును పూర్తిగా విప్పండి, ట్యూబు బయటికి వచ్చేస్తుంది. దాని పై చివర అర్ధచంద్రంలా వంగిన రెండు ప్లాస్టిక్ రేకులు ఉంటాయి. వాటి లోపలి వైపు చిన్న బొడిపె, ట్యూబుకు ఉన్న రంధ్రంలో కూర్చుంటుంది. ఈ రేకులు ఊడి కింద పడ్డప్పుడు చాలామంది వాటిని తలకిందులుగా పెట్టేస్తారు. కొత్త స్టాండ్లలోనే ఒక రేకు తిరగబడి ఉండడం కూడా నేను చూశాను. విప్పకముందే ఏది పైకి ఉందో ఫొటో తీసుకోండి.

తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో రేకులు, ట్యూబు, లాక్ మర అన్నీ కడిగి పూర్తిగా ఆరబెట్టండి. గ్రీజు పూయాల్సింది మర మీద మాత్రమే, అదీ పలచగా. రేకుల మీద గ్రీజు ఉంటే కాలు జారక ఏం చేస్తుంది? పట్టు రావాల్సింది అక్కడే కదా. బొడిపె తెగిపోయిన రేకుంటే లాక్ వేసినా ట్యూబు గిరగిర తిరుగుతుంది. రేకులు విడిగా దొరికితే కొనండి, దొరకకపోతే రిటర్న్ పెట్టండి. మధ్యలో కాగితం చుట్టి నెట్టుకొచ్చేవాళ్లున్నారు, ఒక్క వానకే ఆ కాగితం సంగతి తేలిపోతుంది.

కార్బన్ ఫైబర్ కాళ్లకు ప్రత్యేకంగా ఒక రోగం ఉంది. ట్యూబును పైన అల్యూమినియం కీలులో జిగురుతో అతికిస్తారు. ఆ అతుకు వదిలితే, లాకులన్నీ టైటుగా ఉన్నా కాలు మొత్తం కీలులో తిరుగుతుంది, ఒక్కోసారి టిక్కుమంటుంది. వారంటీ ఉంటే తాకకుండా పంపండి. వారంటీ పోయిందా, పాత జిగురు గీకి, రెండు ముఖాలూ స్పిరిట్‌తో తుడిచి, ఎరల్డైట్ జిగురు పెట్టి ఒక రోజంతా కదపకుండా వదిలేయండి.

“మొత్తం ఊగుతోంది, క్వాలిటీ లేదు”

నాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ఊగడం అనేది ఒక చోట ఉండదు. కాలి కీలులో ఉండొచ్చు, మధ్య కడ్డీలో ఉండొచ్చు, హెడ్ (కెమెరా కూర్చునే పై భాగం) అడుగున ఉండొచ్చు, కెమెరా అడుగున బిగించే ప్లేటు దగ్గర ఉండొచ్చు. ఎక్కడో కనిపెట్టడానికి పనిముట్లు అక్కర్లేదు, చూపుడువేలు చాలు. అనుమానం ఉన్న అతుకు మీద వేలు అడ్డంగా పెట్టండి, సగం ఈ ముక్క మీద, సగం ఆ ముక్క మీద. రెండో చేత్తో హెడ్‌ను మెల్లగా అటూ ఇటూ కదపండి. రెండు ముక్కలూ కలిసి కదిలితే ఆ అతుకు మంచిదే. ఒకటి ముందు, ఒకటి వెనక కదిలితే వేలికి తెలిసిపోతుంది. కింద నుంచి పైకి ఒక్కో అతుకూ చూసుకుంటూ రండి.

కాలి కీలులో అయితే: స్టాండును ఎత్తి పట్టుకుని ఒక కాలిని పక్కకు చాపి వదలండి. అది నెమ్మదిగా దిగాలి, లేదా అక్కడే నిలవాలి. టపీమని పడిపోతే కీలు బోల్టు లూజు. బోల్టుకు రెండు వైపులా తల ఉంటే అలెన్ కీలు రెండు కావాలి, ఒకదానితో పట్టుకుని ఇంకోదానితో తిప్పాలి. పావు చుట్టు చాలు. వారానికోసారి మళ్లీ లూజవుతుంటే నీలం రంగు థ్రెడ్ లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి. ఎర్రది వద్దు, తర్వాత విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది.

మధ్య కడ్డీ పైకి లాగినప్పుడు ఊగితే అది లోపం కాదు. మూడు కాళ్ల మీద నిలబడాల్సిన కెమెరాను ఒక్క కర్ర మీద నిలబెడితే ఏ కంపెనీదైనా అంతే. కాళ్లు పూర్తిగా లాగాకే కడ్డీ పైకి లాగండి. కాళ్లలోనూ లావు గొట్టాలు ముందు, సన్నవి చివర. కడ్డీ పూర్తిగా దించినా ఊగుతోందంటే మాత్రం, దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు కొలత తప్పింది. అది ఫ్యాక్టరీ తప్పు.

హెడ్ అడుగున కదలిక ఉంటే, హెడ్ కూర్చునే పళ్లెం కింది వైపు చూడండి. చాలా స్టాండ్లకు చిన్న అలెన్ స్క్రూలు ఉంటాయి, కింద నుంచి హెడ్‌ను నొక్కి పట్టేవి. ముందు వాటిని వదులు చేసి, హెడ్‌ను చేత్తో పూర్తిగా బిగించి, తర్వాత వాటిని ఎక్కించాలి. వదులు చేయకుండా హెడ్ తిప్పితే అడుగంతా గీరుకుపోతుంది.

“లాక్ చేసి చెయ్యి తీయగానే కెమెరా ముక్కు వాలుతోంది”

బాల్ హెడ్, అంటే బంతి మీద ఎటైనా తిరిగే హెడ్ గురించి ఇది. ముందు లెన్సు చూడండి. 70-200 ఎఫ్ 2.8 లాంటివి ఒక్కటే కిలో నుంచి కిలోన్నర దాకా ఉంటాయి. లెన్సుకు ఉన్న కాలరు (స్టాండుకు బిగించడానికి లెన్సు చుట్టూ ఉండే పట్టీ) వదిలేసి బాడీని ప్లేటుకు బిగిస్తే బరువంతా ముందుకు వేలాడుతుంది. కాలరు దగ్గర బిగించి చూడండి. అప్పుడు సమస్య పోతే హెడ్‌ను తిట్టక్కర్లేదు.

పోకపోతే, బంతి మీద జిడ్డు ఉందేమో చూడండి. పొడిగుడ్డతో, అవసరమైతే కాస్త స్పిరిట్ తడిపి తుడవండి. కొత్త హెడ్ ఫ్యాక్టరీ గ్రీజుతోనే వచ్చి ఉండొచ్చు. తుడిచాక కూడా ఒక దిక్కున పట్టి ఇంకో దిక్కున జారుతుంటే బంతి గుండ్రంగా లేదు, దానికి ఇంట్లో వైద్యం లేదు. లాక్ చేశాక వెంట్రుకవాసి దిగడం మాత్రం చవక హెడ్లన్నింటిలోనూ ఉంటుంది. ఫ్రేము కొంచెం పైకి పెట్టి లాక్ చేయడం అలవాటైపోతుంది.

అన్నట్టు, పెట్టె మీద రాసే కిలోల లెక్కకు అన్ని కంపెనీలూ పాటించే ఒకే కొలమానం లేదు. ఒకరి ఐదు కిలోలు ఇంకొకరి మూడు కిలోలతో సమానం కావొచ్చు. నేనైతే నా సామాను బరువుకు రెండింతలు రాసి ఉన్నదే కొంటాను.

“పాన్ చేస్తే జర్క్ వస్తోంది”

పాన్ అంటే వీడియో తీస్తూ కెమెరాను పక్కకు తిప్పడం. చవక హెడ్ల మీద “ఫ్లూయిడ్” అని రాసి ఉన్నా చాలావాటి లోపల ఉండేది ప్లాస్టిక్ వాషర్లు, కాస్త గ్రీజు. అసలైన ఫ్లూయిడ్ హెడ్‌లో చిక్కటి ద్రవం పొరల మధ్య బంధించి ఉంటుంది. ఆగి ఉన్నదాన్ని కదిపినా కుదుపు రాదు. తేడా తెలియాలంటే పాన్ హ్యాండిల్ చివర రబ్బరు బ్యాండు తగిలించి దాన్ని పట్టుకుని లాగండి. రబ్బరు సాగి సాగి హెడ్ ఒక్కసారి గెంతితే వాషర్ల రకం. పాన్ మర కొంచెం లూజు చేస్తే గెంతు తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఇక్కడే మనవాళ్లు నూనె సీసా తీస్తారు. కుట్టుమిషను నూనె పోస్తే రెండు రోజులు వెన్నలా తిరుగుతుంది, మూడో రోజు నుంచి లాకే పట్టదు. ఒకాయన కొబ్బరినూనె పోసి తెచ్చాడు. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుళ్లో షూటింగ్, చలికి నూనె పేరుకుని హెడ్ కదల్లేదు. దాన్ని విప్పి కడగడానికి నాకు సాయంత్రం అంతా పట్టింది, వాసన మాత్రం బాగుంది.

“ప్లేటు స్క్రూ పట్టడం లేదు”

కెమెరా అడుగున ఉండే రంధ్రం పావు అంగుళం మర, అంగుళానికి 20 చుట్లు. పెద్ద హెడ్ల అడుగున ఉండేది మూడు ఎనిమిదో వంతు అంగుళం, 16 చుట్లు. ప్లేటు స్క్రూ పోతే హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి ఆరు ఎంఎం బోల్టు తెచ్చుకోవడం పెద్ద పొరపాటు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పావు అంగుళం అంటే 6.35 ఎంఎం, చుట్టుకు చుట్టుకు దూరం 1.27. ఆరు ఎంఎం బోల్టుది సాధారణంగా 1 ఎంఎం. ఒకటి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది, మనం టైటయిందనుకుంటాం. పాడయ్యేది రెండు వందల రూపాయల ప్లేటు కాదు, కెమెరా. ప్లేటుతో పాటు స్క్రూ ఇచ్చే చోటే కొనండి, హైదరాబాద్ వాళ్లయితే కోఠిలో అడగండి. పొడవు కూడా చూసుకోండి. సోనీ మాన్యువళ్లు చాలావాటిలో స్క్రూ 5.5 ఎంఎం లోపు ఉండాలని ఉంటుంది.

ప్లేటు దాన్ని పట్టుకునే క్లాంపులో లూజుగా ఉంటే, రెండూ ఆర్కా రకమే (చాలా కంపెనీలు వాడే ప్లేటు ఆకారం) అయినా వేర్వేరు కంపెనీలవి అయ్యుండొచ్చు. వెడల్పు 38 ఎంఎం అటూ ఇటూగా ఉంటుంది. మర తిప్పి బిగించే క్లాంపు ఆ తేడాను సర్దుకుంటుంది, లివరు క్లాంపు సర్దుకోదు.

సముద్రం దగ్గర వాడేవాళ్లకు ఒక్క మాట. ఉప్పునీళ్లు తగిలితే కార్బన్, అల్యూమినియం కలిసే చోట అల్యూమినియాన్ని తినేస్తాయి, తెల్లటి పొడి కనిపిస్తుంది. బీచ్ నుంచి వచ్చిన రాత్రే మంచినీళ్లతో కడిగి, కాళ్లు విప్పి ఆరబెట్టండి. అలా పాడైనదాన్ని తయారీ లోపమంటే ఎవరూ ఒప్పుకోరు.

వెనక్కి పంపాల్సి వస్తే

గీతల వీడియో, బిల్లు, పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా ఉన్న లేబుల్ ఫొటో. ఈ మూడూ పెట్టుకుని “క్వాలిటీ బాలేదు” అని కాకుండా “నాలుగు కిలోల బరువుకు అరగంటలో రెండో కాలు రెండు సెంటీమీటర్లు దిగింది” అని రాయండి. ఆన్‌లైన్‌లో కొని ఉంటే, 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్న ధర ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి.

“మీరు వ్యాపారానికి కొన్నారు, వినియోగదారు కిందికి రారు” అని కొందరు అమ్మకందారులు పెళ్లి ఫొటోగ్రాఫర్లను బెదరగొడతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే దీనికి జవాబు ఉంది: స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే కొని వాడుకునే వస్తువును వాణిజ్య అవసరంగా లెక్కగట్టరు.

నాకూ ఈ అనుభవం అయింది. కిందటేడు తెప్పించిన స్టాండు మధ్య కడ్డీ మొదటి రోజే గలగలలాడింది. అమ్మినవాళ్లు “యూజర్ మిస్‌హ్యాండ్లింగ్” అని ఒక్క ముక్క రాసి చేతులు దులిపేసుకున్నారు. పెట్టె విప్పుతూ తీసిన వీడియో, వేలు పెట్టి కదలిక చూపించిన వీడియో పంపాను. పన్నెండో రోజుకు కొత్తది వచ్చింది. కడ్డీ గట్టిగా ఉంది. ఒక కాలు మాత్రం టపీమని పడింది, కీ తెచ్చి పావు చుట్టు తిప్పుకున్నాను.