టూడీ యానిమేషన్‌లో వెలుగునీడలు వేసే ముందు జాగ్రత్తలు

ముందుగా ఫైలుకు ఒక నకలు తీసి పెట్టుకోవాలి. వెలుగు ఏ వైపు నుంచి, ఎంత ఎత్తు నుంచి వస్తున్నదో తుది వీడియోలో కనబడని గైడ్ లేయర్‌పై (లేయర్ అంటే ఒకదానిపై ఒకటి పరిచే పొర) బాణం గుర్తుతో గీసి ఉంచుకోవాలి.

నీడను బొమ్మ రంగులపై నేరుగా పూయకుండా వేరే లేయర్‌లో వేసి, బొమ్మ అంచు దాటకుండా మాస్క్ (హద్దు బయటి భాగాన్ని కనబడనీయని ఏర్పాటు) పెట్టాలి. చాలామంది మరచిపోయేది పాత్రను తిప్పినప్పటి సంగతి: ఎడమకు నడిచే బొమ్మను కుడికి తిప్పితే, దానికి అతికించిన నీడ కూడా తిరిగి, వెలుగు పడవలసిన వైపే చీకటి కమ్ముతుంది కాబట్టి, అక్కడ నీడను మళ్లీ గీయక తప్పదు. పారదర్శకమైన రెండు నీడలు కలిసిన చోట మచ్చలా నల్లబడుతుంది; అందుకే ఒకే వెలుగుకు పడే నీడలన్నిటినీ ఒక గ్రూపులో చేర్చి, మల్టిప్లై మోడ్‌నూ (కింది రంగులను ముదురు చేస్తూ కలిపే పద్ధతి) పారదర్శకతనూ ఆ గ్రూపుకే ఇవ్వాలి. అచ్చమైన నలుపు వద్దు. ముదురు నీలం మేలని నా అభిప్రాయం.

సెకనుకు 24 ఫ్రేముల వేగంలో నీడ అంచు వణుకుతున్నదేమో చిన్న ముక్కను రెండర్ చేసి (వీడియోగా మార్చి) చూసుకోవాలి.