కొలతలు నేర్చుకుందాం – 4వ పాఠం: వెర్నియర్ కాలిపర్స్‌లో శూన్యాంశ దోషం

కదలని ప్రధాన స్కేలుపై 9 మిల్లీమీటర్ల పొడవును, దాని వెంట జరిగే వెర్నియర్ స్కేలుపై 10 సమభాగాలు చేయడం వల్ల వెర్నియర్ విభాగం ఒక్కొక్కటి 0.9 మి.మీ. అవుతుందనీ, రెండు స్కేళ్ల విభాగాలకు మధ్య మిగిలే 0.1 మి.మీ., అంటే 0.01 సెం.మీ. తేడాయే ఈ పరికరపు కనీసపు కొలత అనీ గత పాఠంలో చూశాం. రీడింగు తీసే సూత్రం కూడా అక్కడే చెప్పుకున్నాం. వెర్నియర్ సున్నాకు ఎడమవైపు అతి దగ్గరగా ఉన్న ప్రధాన స్కేలు గీత విలువను ముందు రాసుకోవాలి. ప్రధాన స్కేలు గీత ఒకదానితో సరిగ్గా కలిసిన, అంటే ఏకీభవించిన, వెర్నియర్ విభాగపు సంఖ్యను కనీసపు కొలతతో గుణించి దానికి కలపాలి. ఈ పాఠానికి ఆ సూత్రం ఒక్కటే చాలు.

ఇప్పుడు వస్తువేదీ పెట్టకుండా దవడలు రెండింటినీ మూయండి. పరికరం సరిగా ఉంటే వెర్నియర్ సున్నా ప్రధాన స్కేలు సున్నాతోనూ, వెర్నియర్ పదో గీత 9 మి.మీ. గీతతోనూ కలుస్తాయి. కలవకపోతే శూన్యాంశ దోషం ఉన్నట్టే. అయితే ఆ మాట రికార్డులో రాసే ముందు దవడల లోపలి అంచులను మెత్తని గుడ్డతో తుడిచి మళ్లీ చూడండి. మధ్యలో దుమ్ము చిక్కుకుంటే దవడలు పూర్తిగా మూసుకోక వెర్నియర్ సున్నా కుడివైపే ఆగుతుంది. దుమ్ము వల్ల అది ఎడమకు జరగడం మాత్రం అసాధ్యం. ఎడమకు జరిగిందంటే దవడల అంచులు అరిగిపోయి ఉండాలి, లేదా వెర్నియర్ పలక తన చోటు నుంచి కదిలి ఉండాలి.

సున్నా కుడివైపు ఉన్నప్పుడు పెద్ద చిక్కు లేదు. దవడలు మూసినప్పుడు మూడో విభాగం ఏకీభవిస్తే దోషం +0.03 సెం.మీ. పరికరం ప్రతి పొడవునూ అంత ఎక్కువగా చూపిస్తుంది కనుక ఆ మేరకు తీసివేయాలి. దీన్ని పది రూపాయల నాణెంతో సరిచూసుకోవచ్చు, దాని వ్యాసం 27 మి.మీ. ఈ పరికరంలో నాణెం పెడితే ప్రధాన స్కేలు 2.7 సెం.మీ., ఏకీభవించే విభాగం 3 వస్తాయి; 2.73 నుంచి 0.03 తీసేస్తే 2.70 సెం.మీ. నాణేన్ని దవడలతో నొక్కి పట్టకండి, జారిపోకుండా తాకితే చాలు.

విద్యార్థులు తడబడేది సున్నా ఎడమకు జరిగినప్పుడే. దవడలు మూసినప్పుడు ఏడో విభాగం ఏకీభవించిందనుకుందాం. చాలామంది దోషం –0.07 సెం.మీ. అని రాసేస్తారు. అలా రాయకూడదని తెలిసినవారు పదిలోంచి ఏడు తీసేసి –0.03 అంటారు. జవాబు సరైనదే, కానీ ఆ పది ఎక్కడిదని ప్రాక్టికల్ పరీక్షలో అడిగితే నోరు మెదపరు. నిజానికి దీనికి వేరే సూత్రం అక్కర్లేదు. ప్రధాన స్కేలు సున్నాకు ఎడమవైపు కూడా మిల్లీమీటరు గీతలు ఉన్నాయని ఊహించుకోండి. వెర్నియర్ సున్నాకు ఎడమవైపు అతి దగ్గరి గీత –1 మి.మీ. అవుతుంది. దానికి 7 × 0.1 = 0.7 మి.మీ. కలిపితే –0.3 మి.మీ., అంటే –0.03 సెం.మీ. వస్తుంది. పది విభాగాల కనీసపు కొలతలు కలిస్తే వచ్చేది ఆ ఒక్క మిల్లీమీటరే. గీతలతోనూ సరిచూడండి: వెర్నియర్ సున్నా –0.3 మి.మీ. దగ్గర ఉంటే, ఏడో గీత అక్కడి నుంచి 6.3 మి.మీ. కుడికి, సరిగ్గా 6 మి.మీ. గీతపై పడుతుంది. ఇక ఈ పరికరం ప్రతి పొడవునూ 0.03 సెం.మీ. తక్కువగా చూపిస్తుంది కనుక, రీడింగు నుంచి –0.03ను తీసివేయాలి. రుణ సంఖ్యను తీసివేయడమంటే కూడడమే.

అభ్యాసం: దవడలు మూసినప్పుడు ఒక పరికరంలో వెర్నియర్ సున్నా ఎడమవైపు ఉండి, ఆరో విభాగం ఏకీభవించింది. దానితో గోలీని కొలిస్తే ప్రధాన స్కేలు 1.5 సెం.మీ., ఏకీభవించిన విభాగం 8 వచ్చాయి. గోలీ అసలు వ్యాసం ఎంత? దోషాన్ని సవరించకుండా ఘనపరిమాణం లెక్కిస్తే అసలు విలువ కంటే సుమారు 7 శాతం తక్కువ ఎందుకు వస్తుందో కూడా రాయండి. వ్యాసార్ధాన్ని ఘనం చేస్తున్నామన్న సంగతి మరవకండి. జవాబులు, వాటితోపాటు స్క్రూగేజీ, వచ్చే పాఠంలో.