ప్రాంతీయ బయోమెడికల్ సదస్సులో మొదటి పోస్టర్ పెడుతున్నారా? ఇలా సిద్ధమవ్వండి

బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో మొదటిసారి తమ పని చూపించబోయేవాళ్లకు నేను ప్రాంతీయ సదస్సుకే వెళ్లమని చెప్తాను. వేల మంది వచ్చే పెద్ద సదస్సుల్లో మీ పోస్టర్ ముందు నుంచి జనం అలా వెళ్లిపోతూ ఉంటారు. చిన్న సదస్సులో ఆగి చదువుతారు. సిగ్నల్ ప్రాసెసింగ్ ప్రొఫెసర్ ఒకరు, డాక్టరు ఒకరు, ఆసుపత్రిలో పరికరాల మెయింటెనెన్స్ చూసే ఇంజినీరు ఒకరు, వరసగా వస్తారు. ముగ్గురూ తమతమ పద్ధతిలో అడిగేది చాలావరకు ఒకటే: “దీన్ని ఎలా కొలిచారు?” ఏళ్ల తరబడి విద్యార్థుల అబ్‌స్ట్రాక్టులు (సదస్సుకు పంపే చిన్న సారాంశాలు) దిద్దుతూ, సదస్సులకు వచ్చినవి రివ్యూ చేస్తూ ఉన్నాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది. సన్నాహం మొత్తం ఆ ప్రశ్నకు జవాబుగా సాగాలి.

రాయడం మొదలుపెట్టే ముందే ఒక మాట. పేటెంట్ ఆలోచన ఏమైనా ఉంటే గైడ్‌తో ఇప్పుడే మాట్లాడండి. చాలా దేశాల్లో ఒకసారి బయటపెట్టిన విషయానికి తర్వాత పేటెంట్ దొరకడం కష్టం. అచ్చయిన అబ్‌స్ట్రాక్ట్ అయినా, తగిలించిన పోస్టర్ అయినా బయటపెట్టినట్టే లెక్క.

అబ్‌స్ట్రాక్ట్‌కు సాధారణంగా ఇచ్చేది 250, 300 పదాలు. అందులో సగం గుండెజబ్బు ఎంత పెద్ద సమస్యో చెప్పడానికే అయిపోతుంది. చదివేవాళ్లకు ఆ సంగతి తెలుసు. ఒక్క వాక్యంతో సరిపెట్టి కొలత దగ్గరికి వచ్చేయండి. “మా పద్ధతి మెరుగైన ఫలితాలిచ్చింది” అని రాస్తే రివ్యూయర్‌కు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మణికట్టుకు కట్టే సెన్సార్ మీద పని చేశారనుకుందాం. ఎంతమందికి కట్టారు, కూర్చోబెట్టారా నడిపించారా, ఎంతసేపు, దేనితో పోల్చారు, తేడా ఎంత వచ్చింది? ఈ ఐదింటికీ జవాబుంటే ఫలితం చిన్నదైనా నేను సంతోషంగా అంగీకరిస్తాను.

ఇక డేటా. ఇక్కడ తొందరపడొద్దు. ఇసిజి మీద పనిచేసేవాళ్లు చాలామంది ఎంఐటీ-బీఐహెచ్ అరిథ్మియా డేటాబేస్‌తోనే (గుండె లయ తప్పడం మీద ఇసిజి రికార్డుల సేకరణ) మొదలుపెడతారు. 1980లో విడుదలైంది, ఇప్పుడు ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అరగంట చొప్పున 48 రికార్డులు, సెకనుకు 360 శాంపిళ్లు, మొత్తం మీద లక్షకు పైగా గుండె స్పందనలకు నిపుణులు గుర్తులు పెట్టారు. ఆ స్పందనలన్నిటినీ కలిపేసి, 80 శాతం కంప్యూటర్ మోడల్ శిక్షణకు, 20 శాతం దాని పరీక్షకు విడగొట్టారనుకోండి, ఖచ్చితత్వం 99 శాతం దాకా పోతుంది. కానీ అదే మనిషి స్పందనలు రెండు వైపులా ఉన్నాయి. మోడల్ జబ్బును గుర్తుపడుతోందో, మనిషిని గుర్తుపడుతోందో చెప్పలేం. అందుకే మనుషుల వారీగా విడగొట్టండి. రికార్డుల వారీగా విడగొట్టినా ఒక చిన్న చిక్కుంది: 48 రికార్డులు 47 మందివి. 201, 202 నంబర్లు రెండూ ఒకే మనిషివి. ఆ రెండూ ఒకే వైపున ఉండేలా చూసుకోండి. ఇలా చేస్తే అంకె తగ్గుతుంది, ఖాయం. తగ్గిన అంకెనే పోస్టర్ మీద పెట్టండి, ఎలా విడగొట్టారో దాని పక్కనే రాయండి. విషయం తెలిసినవాళ్లు ముందుగా వెతికేది ఆ వాక్యం కోసమే.

సొంతంగా పరికరం తయారుచేసి మరో పరికరంతో పోల్చేవాళ్లు సహసంబంధ గుణకం (రెండు కొలతలు కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉన్నాయో లేదో చెప్పే అంకె) ఒక్కటే చూపించి ఆగిపోతుంటారు. మీ పరికరం ప్రతిసారీ సరిగ్గా 10 ఎక్కువ చూపించినా ఆ గుణకం 1 వస్తుంది. రెండు పరికరాల కొలతలు ఎంత దగ్గరగా ఉన్నాయో తెలియాలంటే బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లో లాన్సెట్‌లో వివరించిన పటం గీయండి. అడ్డంగా రెండు కొలతల సగటు, నిలువుగా వాటి తేడా. మధ్యలో సగటు తేడా గీత, దానికి పైనా కిందా 1.96 ప్రామాణిక విచలనాల (తేడాలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) దూరంలో రెండు గీతలు. ఆ వెడల్పు వైద్యానికి పనికొచ్చేంత తక్కువేనా అన్నది డాక్టరే చెప్పాలి. ఆ మాట సదస్సుకు ముందే ఒక డాక్టరును అడిగి తెలుసుకోండి.

పోస్టర్ సైజు నిర్వాహకులు ఇచ్చిన సూచనల్లో చూడండి. ఎ0 అంటే 841 × 1189 మిల్లీమీటర్లు, నిలువో అడ్డమో కూడా చూసుకోవాలి. రంగులు, లోగోల మీద ఎక్కువ సమయం పెట్టొద్దు. పోస్టర్ నడిబొడ్డున ఒక ముడి సిగ్నల్ పెట్టండి, ఫిల్టర్ చేయనిది. దాని కిందే, అదే కాలపు స్కేలు మీద, ఫిల్టర్ చేసినది. సెకన్లు, మిల్లీవోల్టులు స్పష్టంగా కనబడాలి. చేయి కదిలినప్పుడు పాడైన ముక్క ఒకటి కూడా చూపించండి. అది దాచేవాళ్లే ఎక్కువ, నా దృష్టిలో మాత్రం అదే పోస్టర్‌కు విలువ తెస్తుంది. ఫిల్టర్ హద్దులు (ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా ఉంచారో) తప్పక రాయండి. నాయిస్ తగ్గుతుందని 0.5 హెర్ట్జ్ దగ్గర కింది హద్దు పెడితే ఎస్‌టీ భాగం (ఇసిజి గీతలో గుండెపోటు ఆనవాళ్ల కోసం చూసే చోటు) ఆకారం మారిపోవచ్చు. రోగనిర్ధారణ ఇసిజికి ఆ హద్దు 0.05 దాకా దిగుతుంది. గుండె వేగం మాత్రమే లెక్కపెడుతుంటే ఇబ్బంది లేదు, గుండెపోటు గుర్తిస్తామంటే మాత్రం డాక్టరు ఆ గీత మీదే వేలు పెడతారు.

ఎవరి మీద కొలిచారన్నదీ కొలతలో భాగమే. పల్స్ ఆక్సీమీటర్ ఎరుపు, పరారుణ కాంతులను చర్మం గుండా పంపి పనిచేస్తుంది. 2020లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆక్సిజన్ పడిపోయినా పరికరం పసిగట్టలేకపోవడం తెల్లవారితో పోలిస్తే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. మీ వాలంటీర్లందరూ మీ క్లాస్‌మేట్లే అయితే వయసు, చర్మపు రంగు ఉన్నదున్నట్టు రాసేయండి. అడిగేదాకా ఆగొద్దు.

ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు పోస్టర్ మీద ఉండాలి. ఫొటోలు పెద్దవి చేసి చూడండి. అల్ట్రాసౌండ్ చిత్రం పైమూలన రోగి పేరు, తేదీ చిన్న అక్షరాల్లో మిగిలిపోతుంటాయి. ఫైల్‌లో పేరు తీసేసినా, చిత్రంలోనే అచ్చుపడ్డ పేరు పోదు. ఎ0 సైజులో అది దూరం నుంచే చదవొచ్చు.

పరికరం తీసుకెళ్తే బ్యాటరీ మీద నడపండి. ల్యాప్‌టాప్‌కు కూడా ఛార్జర్ తీసేయండి. పెట్టి ఉంటే తెర మీద 50 లేదా 60 హెర్ట్జ్ రొద కమ్మేస్తుంది, పైగా ఒంటికి ఎలక్ట్రోడ్లు ఉన్న మనిషికి భద్రత కూడా కాదు. ముందే రికార్డు చేసిన ఫైల్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. వచ్చినవాళ్లు చేయి చాపినా వాళ్లకు ఎలక్ట్రోడ్లు అంటించొద్దు, మీకున్న అనుమతి మీ వాలంటీర్ల వరకే.

పోస్టర్ దగ్గర నిలబడ్డాక రెండు నిమిషాల్లో చెప్పగలిగేలా ముందే ప్రాక్టీస్ చేయండి: సమస్య ఒక వాక్యం, మిగతా అంతా ఎలా కొలిచారు, ఏం వచ్చింది. తెలియని ప్రశ్న వస్తే టెన్షన్ పడొద్దు. “ఆ పరీక్ష మేం చేయలేదు, ఎలా చేస్తే బాగుంటుందంటారు?” అని అడగండి. అప్పుడు వాళ్లు చెప్పేది నోట్‌బుక్‌లో రాసుకోండి, ఎవరు చెప్పారో కూడా. మెయింటెనెన్స్ ఇంజినీరు వస్తే ఇంకాస్త సేపు ఆపండి. ఎలక్ట్రోడ్ జెల్ ఎప్పుడు ఎండిపోతుంది, వైరు ఎక్కడ తెగుతుంది, నర్సులు ఏ అలారాన్ని ఆపేస్తారు, ఇవి పేపర్లలో అరుదుగా దొరుకుతాయి. ఆయన రోజూ చూస్తుంటారు.

ఆ రాత్రే ప్రశ్నలన్నీ గైడ్‌తో కూర్చుని చూసుకోండి. రెండు మూడుసార్లు వచ్చిన ప్రశ్న ఉంటే మీ తర్వాతి ప్రయోగం అదే. ఎవరికైనా పటం పంపుతానని మాటిస్తే వారంలోగా పంపించేయండి. పూర్తి పేపర్ జర్నల్‌కు పంపేటప్పుడు సదస్సులో అబ్‌స్ట్రాక్ట్ వచ్చిన సంగతి కవర్ లెటర్‌లో రాయండి.