పేరు మరిచిపోయిన టీవీ ట్యూనర్ కార్డును లైనక్స్‌లో పనిచేయించడం

మా ఇంట్లో టీవీ ఒక్కటే. మధ్యాహ్నం రెండింటికి అత్తయ్యగారి తెలుగు సీరియల్ మొదలవుతుంది. వేసవి సెలవులు వచ్చాయంటే సరిగ్గా ఆ వేళకే మావాడికి కార్టూన్లు కావాలి. రిమోట్ కోసం అమ్మమ్మా మనవడూ పడే తగువు వినలేక, కేబుల్ అతన్ని అడిగి రెండో సెట్‌టాప్ బాక్సు పెట్టించాను. దానికి తెర కావాలి కదా. అటక మీద పాత డెస్క్‌టాప్ ఉంది, మానిటరుంది, డెస్క్‌టాప్ లోపల 2008లో చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొన్న టీవీ ట్యూనర్ కార్డూ (కంప్యూటరు తెర మీద టీవీ చూపించే కార్డు) ఉంది. "చిన్న టీవీ ఒకటి కొంటే పోయేదానికి ఇదంతా ఎందుకు?" అంది మా ఆవిడ. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు.

ముందే ఒక మాట. ఇక్కడ ఆదేశాలన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, వాటిని ఇంగ్లిషు చిన్నక్షరాల్లో కొట్టాలి. తికమక పడే చోట అక్షరాలు విడివిడిగా చెబుతాను.

ఈ పాత కార్డులు అనలాగ్‌వి. వెనక యాంటెన్నా వైరు పెట్టే గుండ్రటి సాకెట్ ఉంటుంది, దాన్ని మరిచిపోండి. నేను కొన్నప్పుడు కేబుల్ వైరు నేరుగా అందులో గుచ్చితే ఛానెళ్లన్నీ వచ్చేవి. నాలుగు మహానగరాల్లో కేబుల్‌ను డిజిటల్ చేయడానికి 2012 అక్టోబరు 31 గడువు పెట్టారు. చెన్నైలో అది కోర్టు కేసులతో సాగీ సాగీ చివరికి ఇంటింటికీ బాక్సులు వచ్చాయి. యాంటెన్నాతో దూరదర్శన్ అయినా పడుతుందేమో అనుకోకండి. 2016లో చెన్నైతో సహా కొన్ని నగరాల్లో దూరదర్శన్ మొదలుపెట్టిన ప్రసారం డీవీబీ-టీ2 అనే డిజిటల్ పద్ధతిది, ఈ కార్డుకు ఆ భాష రాదు. ఛానెల్ స్కాన్ పెట్టి నేను ఒక ఆదివారం పొద్దున్నంతా చుక్కలు చూశాను, మీరు చూడక్కర్లేదు. కార్డు మీద పసుపు రంగు ఏవీ (ఆడియో-వీడియో) సాకెట్ ఉంటుంది, సెట్‌టాప్ బాక్సు నుంచి బొమ్మ వచ్చే ఆ దారినే కాంపోజిట్ అంటారు. మనకు కావలసింది అదొక్కటే. మీ సెట్‌టాప్ బాక్సుకు హెచ్‌డీఎంఐ తప్ప ఇంకే అవుట్‌పుట్ లేకపోతే మాత్రం ఈ కార్డుతో మీకు పని జరగదు.

డెస్క్‌టాప్ విప్పే ముందు కరెంటు ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే సరిపోదు. చెన్నై ఉప్పు గాలికి కార్డు అడుగున బంగారు రంగు పళ్లు నల్లబడతాయి. నా కార్డుకైతే ఒక మూల పచ్చగా చిలుం పట్టింది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, ఆరాక స్లాట్‌లో గట్టిగా కూర్చోబెట్టాను. రుద్దకముందు కంప్యూటరుకు కార్డు ఉన్నట్టే తెలియలేదు. సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టే ముందు ఈ పది నిమిషాల పని చేయండి.

నేను లైనక్స్‌లో ఒక రకమైన డెబియన్ వేశాను, పైన ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్. పాత మెషీన్‌కు అది బరువుగా ఉండదు. కార్డుతో వచ్చిన డ్రైవర్ సీడీ ఎప్పుడో విరిగిపోయింది, విరగకపోయినా అందులో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ కోసం. లైనక్స్‌లో ఆ బెడద లేదు. డ్రైవర్ (కార్డును నడిపే ప్రోగ్రాము) కెర్నెల్‌తోపాటే, అంటే లైనక్స్ గుండెకాయతోపాటే, వస్తుంది.

టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్ కొట్టండి. వచ్చే జాబితాలో మల్టీమీడియా అన్న వరస వెతకండి. నాకు ఫిలిప్స్ ఎస్ఏఏ7130 అనీ, పక్కన 1131:7130 అనీ వచ్చింది. పెట్టె మీద ఏ కంపెనీ పేరున్నా లోపలి చిప్ చేసేది కొద్దిమందే. ఎస్ఏఏ7130, 7134 లాంటివైతే డ్రైవర్ పేరు ఎస్ఏఏ7134. బీటీ878 చిప్ అయితే బీటీటీవీ. కోనెక్సెంట్ 2388 వరస చిప్‌లకు సీఎక్స్88. ఇక్కడి నుంచి నా చిప్ సంగతే చెబుతాను. బీటీటీవీకి కూడా దారి దాదాపు ఇదే.

తర్వాత సుడో డీమెసేజ్. సుడో అంటే ఆదేశాన్ని అడ్మిన్ హక్కులతో నడపడం. డీమెసేజ్ అక్షరాలు డి, ఎం, ఇ, ఎస్, జి. కెర్నెల్ తన డైరీలాగా రాసుకునేదంతా అందులో ఉంటుంది. ఎస్ఏఏ7130 అన్న వరసల దగ్గర ఆగి చదివితే నాకు నవ్వాగలేదు. "అభినందనలు! మీ టీవీ కార్డు తయారుచేసినవాళ్లు ఈఈప్రోమ్ పెట్టకుండా నాలుగు పైసలు మిగుల్చుకున్నారు. అందువల్ల ఇది ఏ కార్డో నేను పోల్చుకోలేను" అన్న అర్థంలో డ్రైవరే విసుక్కుంటోంది. ఆ విసుగు అయ్యాక, "హమ్మయ్య, ఇప్పుడు మనసు తేలికపడింది" అన్న ధోరణిలో ఇంకో మాట. ఈ డ్రైవర్‌ను మొదట రాసింది గెర్డ్ క్నోర్ అనే జర్మన్ ప్రోగ్రామర్.

తలనొప్పంతా ఈ నాలుగు పైసల దగ్గరే ఉంది. ఈఈప్రోమ్ అంటే కార్డు తన పేరు రాసుకునే చిన్న చిప్. అది లేకపోతే కార్డు తన అసలు పేరు చెప్పలేదు. నా కార్డు సబ్‌సిస్టమ్ నంబరు 1131:0000 అని వచ్చింది, అంటే ఇంటి నంబరు లేని చిరునామా. చిప్ ఏమిటో లైనక్స్‌కు తెలుసు. పసుపు సాకెట్‌ను ఆ చిప్‌లో ఏ కాలికి అతికించారు, శబ్దాన్ని ఏ స్విచ్ గుండా పంపారు అన్నది మాత్రం తెలియదు. అవి ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా కలుపుతుంది. అందుకే డ్రైవర్ దీన్ని 0 నంబరు కార్డు కింద, అంటే ఊరూ పేరూ తెలియనిదిగా, రాసుకుని ఊరుకుంటుంది. ఆ పేరు మనం చెప్పాలి.

డ్రైవర్‌కు తెలిసిన కార్డులన్నిటికీ నంబర్లున్నాయి. ఆ పట్టిక కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో కార్డ్‌లిస్ట్ అన్న పేరుతో ఉంటుంది. డీమెసేజ్ కూడా విసుక్కున్న తర్వాత దాన్ని కిందే వరసగా పరుస్తుంది. మొత్తం ప్రయత్నించక్కర్లేదు. మీ చిప్ 7130 అయితే 7130 కార్డులే చూడండి. కార్డు మీద రేకు డబ్బాలాంటిది ఉంటుంది, అదే ట్యూనర్. దాని మీది స్టిక్కరు, బోర్డు అంచున అచ్చయిన నంబరు ఫోనుతో ఫోటో తీసుకుని పెట్టుకోండి. మళ్లీ మళ్లీ విప్పే పని తప్పుతుంది.

ఒక నంబరు పరీక్షించడం ఇలా. ముందు సుడో మాడ్‌ప్రోబ్ -ఆర్ ఎస్ఏఏ7134 అని డ్రైవర్‌ను దింపాలి. వాడకంలో ఉందని మొండికేస్తే వీడియో చూపించే ప్రోగ్రాములన్నీ మూయండి. దాని శబ్దపు భాగం ఎస్ఏఏ7134_ఆల్సా కూడా ఎక్కి ఉంటే ముందు దాన్ని దింపండి. తర్వాత సుడో మాడ్‌ప్రోబ్ ఎస్ఏఏ7134 కార్డ్=10 అని ఎక్కించాలి. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. నాకు 10తో నల్లటి తెర. 3తో బొమ్మ వచ్చింది. పాత లైఫ్‌వ్యూ ఫ్లైవీడియో2000కు ఇచ్చిన నంబరది. నా కార్డు మీద ఆ పేరు ఎక్కడా లేదు గానీ పోలిక దొరికింది, అది చాలు. ట్యూనర్ నంబరు కూడా ఇవ్వొచ్చు. మన దేశపు పాల్-బీజీ పద్ధతి ఫిలిప్స్ ట్యూనర్‌కు 5. సెట్‌టాప్ బాక్సు వైరుతో చూసేవాళ్లకు ఆ రేకు డబ్బాతో పనే లేదు కాబట్టి అక్కడ బుర్ర బద్దలు కొట్టుకోకండి.

బొమ్మ చూడటానికి టీవీటైమ్ అన్న ప్రోగ్రామూ, వీ4ఎల్-యుటిల్స్ అన్న ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకోండి. రెండోదానిలో వీ4ఎల్2-సీటీఎల్ అనే ఆదేశం ఉంటుంది. దానికి --లిస్ట్-డివైసెస్ తగిలిస్తే ఏది ఏ వీడియో నంబరో చెబుతుంది. ఇది చూడకుండా నేను వీడియో0 తెరిచాను. బనియన్‌లో నేనే కనిపించాను. అది వెబ్‌క్యామ్, కార్డు వీడియో1. పర్మిషన్ లేదని వస్తే మీ యూజరును వీడియో అనే గ్రూపులో చేర్చి, లాగవుట్ అయి మళ్లీ రండి.

టీవీటైమ్‌లో ఐ మీట నొక్కుతుంటే ఇన్‌పుట్‌లు మారతాయి. కాంపోజిట్ దగ్గర ఆగండి. కార్డ్=0తో ఉన్నప్పుడు నాకు ఒకే ఒక్క ఇన్‌పుట్ కనిపించింది, 3 ఇచ్చాక మిగతావీ వచ్చాయి. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే రెండు అనుమానాలు. ఒకటి, మన పాల్ బదులు అమెరికా వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో ఉండిపోయిందేమో. మెనూలో పాల్ చేయండి. రెండు, కాంపోజిట్ బదులు ఎస్-వీడియో ఇన్‌పుట్ మీద ఉన్నారేమో. కదిలే మనుషుల అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తే డీఇంటర్‌లేస్ ఆన్ చేయాలి. పాల్ బొమ్మలో 576 గీతలను సెకనుకు 50 సార్లు సగం సగంగా పంపుతారు, ఆ రెండు సగాలూ కలవకపోతే ఆ పళ్లు కనిపిస్తాయి.

అసలు బొమ్మే రాకపోతే కార్డును తిట్టే ముందు వైరును అనుమానించండి. చిన్న బాక్సులకు మూడు సాకెట్ల బదులు ఇయర్‌ఫోన్ లాంటి ఒకే ఒక్క ఏవీ రంధ్రం ఉంటుంది. దానికి పెట్టే వైరుకు అటువైపు పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులుంటాయి. ఆ లోపలి అమరిక అందరిదీ ఒకటి కాదు. రిచీ స్ట్రీట్‌లో నేను తెచ్చిన వైరులో వీడియో ఎరుపు పిన్నులో వచ్చింది! మూడు పిన్నులూ ఒక్కొక్కటిగా పసుపు సాకెట్‌లో పెట్టి చూడండి, ఏమీ కాలిపోదు.

ఇక శబ్దం. బొమ్మ గంటలో వచ్చింది, శబ్దానికి మూడు రాత్రులు పట్టింది. ఎస్ఏఏ7134 చిప్ శబ్దాన్ని కూడా స్లాట్ గుండానే కంప్యూటరుకు పంపగలదు, 7130కి ఆ శక్తి లేదు. అందుకే ఈ కార్డులకు ఆడియో అవుట్ రంధ్రం ఉంటుంది. అక్కడి నుంచి చిన్న వైరు మదర్‌బోర్డు వెనక నీలం రంగు లైన్-ఇన్‌కు వెళ్లాలి. ఆ వైరు పెట్టాను. నిశ్శబ్దం. ఆల్సామిక్సర్ (శబ్దం హెచ్చుతగ్గులు చూసే ప్రోగ్రాము) తెరిచి లైన్ మీద ఎం నొక్కి మ్యూట్ తీశాను. నిశ్శబ్దం. కార్డులో శబ్దాన్ని ఇటా అటా అని మళ్లించే ఒక స్విచ్ చిప్ ఉంటుంది, దాన్ని ఎలా తిప్పాలో డ్రైవర్‌కు కార్డు నంబరు వల్లే తెలుస్తుంది. బొమ్మ వచ్చి శబ్దం రాలేదంటే నంబరు దగ్గర్లో ఉంది గానీ సరిగ్గా అది కాదన్నమాట. మళ్లీ పట్టిక ముందేసుకుని ఒక్కో నంబరూ దింపుతూ ఎక్కిస్తూ కూర్చున్నాను.

మూడో రాత్రి అత్తయ్యగారు మంచినీళ్ల కోసం లేచి, నేల మీద వైర్ల మధ్య నన్ను చూసి ఆగారు. "బొమ్మ వచ్చింది కదా అల్లుడుగారూ, ఇంకేమిటి?" అన్నారు. శబ్దం కార్డులోకి వెళ్లి బయటికి రావడం లేదని చెప్పాను. "మరి దాన్ని కార్డులోకి పంపడం ఎందుకు? ఆ ఎర్రదీ తెల్లదీ తిన్నగా కంప్యూటరుకే పెట్టేస్తే?" అని నీళ్లు తాగి వెళ్లి పడుకున్నారు.

కాబట్టి మీరు ఇలా చేయండి. శబ్దం వచ్చే రెండు పిన్నులకూ ఇయర్‌ఫోన్ పిన్నుకూ మధ్య పెట్టే కన్వర్టర్ వైరు కొనండి. సెట్‌టాప్ బాక్సు నుంచి శబ్దాన్ని నేరుగా నీలం లైన్-ఇన్‌కు ఇవ్వండి. కార్డు బొమ్మ సంగతి చూసుకుంటుంది. ఆల్సామిక్సర్‌లో లైన్ మ్యూట్ తీస్తే కొన్ని బోర్డుల్లో వెంటనే వినిపిస్తుంది. వినిపించకపోతే ఎఫ్4 నొక్కి క్యాప్చర్‌లో లైన్‌ను ఎంచుకుని, లైన్-ఇన్ శబ్దాన్ని స్పీకర్లకు మళ్లించడానికి పీఏసీటీఎల్ లోడ్-మాడ్యూల్ మాడ్యూల్-లూప్‌బ్యాక్ లేటెన్సీ_ఎంసెక్=20 అని కొట్టండి. మొదటి మాట అక్షరాలు పి, ఎ, సి, టి, ఎల్. చివర్లో ఎంసెక్ అక్షరాలు ఎం, ఎస్, ఇ, సి. ఆ 20 ఇవ్వకపోతే పెదాలు ముందు కదిలి మాట తర్వాత వస్తుంది.

పనిచేసిన నంబరు రీబూట్ చేస్తే పోతుంది. ఈటీసీ (ఇ, టి, సి) కింద మాడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌లో టీవీ.కాన్ఫ్ (కాన్ఫ్ అక్షరాలు సి, ఓ, ఎన్, ఎఫ్) అనే ఫైలు చేసి, ఒకే వరసలో ఆప్షన్స్ ఎస్ఏఏ7134 కార్డ్=3 అని రాయండి. ఎక్స్ఎఫ్‌సీఈ ఆటోస్టార్ట్‌లో రెండు చేర్చండి: ఆ పీఏసీటీఎల్ వరస, టీవీటైమ్ --ఫుల్‌స్క్రీన్. ఆటోలాగిన్ కూడా పెట్టేస్తే పవర్ బటన్ నొక్కడం తప్ప ఇంకేమీ ఉండదు. కీబోర్డు, మౌస్ తీసి అటక ఎక్కించాను. సెట్‌టాప్ బాక్సు రిమోట్ మాత్రం అత్తయ్యగారు తలగడ కింద పెట్టుకుంటున్నారు.